లక్షల మంది అభిమానమే బలం.. చివరికి అదే బరువు! గిటారిస్ట్ జెర్రీ గార్సియా జీవిత కథ

బ్యాండ్ ఏ ఊళ్లో వాయిస్తే ఆ ఊరికి వెళ్లిపోవడం. పాత వ్యాన్లలోనే వంట, పడక. ఒకే టూర్‌లో పది, పదిహేను షోలు చూడటం. హీరోల కటౌట్లకు పాలాభిషేకాలు చేసే మనకు అభిమానం కొత్త కాదు. కానీ అమెరికాలో ‘గ్రేట్‌ఫుల్ డెడ్’ అనే రాక్ బ్యాండ్ వెంట ఏళ్ల తరబడి ఊరూరా తిరిగిన డెడ్‌హెడ్స్ కథే వేరు. ఆ బ్యాండ్‌కు ముఖంగా నిలిచిన జెర్రీ గార్సియాను నిలబెట్టింది వాళ్లే. ఆయన మీద మోయలేనంత బరువు పెట్టిందీ వాళ్లే.

నాలుగేళ్లకే వేలు పోయింది

1942 ఆగస్టు 1న శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టారు గార్సియా. తండ్రి సంగీతకారుడు. అందుకే కొడుక్కి జెరోమ్ కెర్న్ అనే స్వరకర్త పేరు పెట్టారు. నాలుగేళ్ల వయసులో అన్న కట్టెలు కొడుతుండగా గొడ్డలి దెబ్బ తగిలి, కుడి చేతి మధ్య వేలు చాలా వరకు తెగిపోయింది. 1947లో చేపలు పట్టడానికి వెళ్లిన తండ్రి నదిలో మునిగి చనిపోయారు.

15వ పుట్టినరోజుకు తల్లి అకార్డియన్ కొనిచ్చారు. ఆయన పట్టుబట్టి దాన్ని మార్పించి ఎలక్ట్రిక్ గిటార్ తెచ్చుకున్నారు. తీగలు మీటే చేతికే ఒక వేలు లేదు. అయినా ఆ చేత్తోనే గిటార్, బాంజో రెండూ నేర్చుకున్నారు. 1960లో ఆర్మీలో చేరి కొన్ని నెలలకే బయటికి వచ్చేశారు. 1961లో జరిగిన కారు ప్రమాదంలో పక్కనున్న స్నేహితుడు చనిపోగా, గార్సియా బతికి బయటపడ్డారు. జీవితాన్ని సీరియస్‌గా తీసుకోవడం అప్పుడే మొదలైంది.

ఒకే పాట.. రోజుకో రకం

1965లో కొందరు మిత్రులతో కలిసి బ్యాండ్ పెట్టారు. మొదటి పేరు వార్‌లాక్స్. అదే ఏడాది గ్రేట్‌ఫుల్ డెడ్‌గా మారింది. హిప్పీల కాలం అది. శాన్‌ఫ్రాన్సిస్కోలోని హైట్-ఆష్‌బరీ ప్రాంతంలో వీళ్ల ఇల్లే ఒక అడ్డా.

వీళ్లను జామ్ బ్యాండ్ అంటారు. అంటే రికార్డులో ఉన్నది ఉన్నట్టు వాయించరు. కర్ణాటక కచేరీలో విద్వాంసుడు మనోధర్మంతో రాగాన్ని పెంచుకుంటూ పోయినట్టు, స్టేజీ మీదే పాటను సాగదీస్తారు. ‘డార్క్ స్టార్’ అనే పాట కొన్ని రాత్రులు 20 నిమిషాలు దాటేది. నచ్చినవాళ్లకు అదో మైకం. నచ్చనివాళ్లకు మాత్రం ఎప్పుడు అయిపోతుందా అనిపించే సాగతీత. కుదరని రాత్రులు కూడా చాలానే ఉండేవి. 1969 వుడ్‌స్టాక్‌లో వీళ్ల ప్రదర్శన పేలవంగా సాగింది.

కానీ రేపు ఏం వాయిస్తారో తెలియకపోవడమే అభిమానులను పట్టి ఉంచింది. షోలు రికార్డు చేసుకోవడానికి బ్యాండ్ అడ్డు చెప్పలేదు. 1984 నుంచి అయితే టేపింగ్ చేసేవాళ్లకు ప్రత్యేకంగా చోటే ఇచ్చింది. అమ్ముకోవద్దు, పంచుకోండి.. ఇదే పద్ధతి. పెద్ద హిట్లు లేకపోయినా క్యాసెట్లు చేతులు మారుతూ పేరు దేశమంతా పాకింది.

హిట్ పాటతో మొదలైన తలనొప్పి

ఇంకోవైపు గార్సియా హెరాయిన్‌కు బానిసయ్యారు. 1985లో డ్రగ్స్‌తో పోలీసులకు దొరికారు. 1986లో షుగర్ వ్యాధి ముదిరి కోమాలోకి వెళ్లిపోయారు. స్పృహ వచ్చాక గిటార్ వాయించడం దాదాపు మొదటి నుంచీ నేర్చుకోవాల్సి వచ్చింది. ఆ ఏడాదిలోనే మళ్లీ స్టేజీ ఎక్కారు.

1987లో ‘టచ్ ఆఫ్ గ్రే’ పాట బిల్‌బోర్డ్ టాప్ 10లోకి వెళ్లింది. 22 ఏళ్ల ప్రయాణంలో అదే తొలిసారి. దాంతో జనం పోటెత్తారు. టికెట్ లేనివాళ్లు కూడా వేలల్లో వచ్చి పార్కింగ్ స్థలాల్లోనే ఉండిపోయేవారు. రంగుల చొక్కాలు, తిండితో పాటు డ్రగ్స్ అమ్మకాలూ సాగేవి. పాత అభిమానులకు కొత్తవాళ్లంటే చిరాకు. కొన్ని ఊళ్లయితే ఈ గోల మాకొద్దన్నాయి. టికెట్ లేకపోతే రావద్దని బ్యాండే బతిమాలుకోవాల్సి వచ్చింది.

గార్సియాకు నాయకుడిగా ఉండటం ఇష్టం లేదు. స్టేజీ మీద పెద్దగా మాట్లాడేవారే కాదు. అయినా జనం ఆయన్ను గురువులా చూశారు. ఆగిపోదామంటే ఆగే వీలూ లేదు. బ్యాండ్ సిబ్బంది, వాళ్ల కుటుంబాలు టూర్ల మీదే బతుకుతున్నాయి. ఆరోగ్యం పాడై, పాటల్లో మాటలు మర్చిపోయిన రాత్రుల్లో కూడా స్టేడియాలు నిండాయి. చప్పట్లూ తగ్గలేదు.

1995.. చివరి టూర్

జులై 2న ఇండియానాలోని డీర్ క్రీక్‌లో టికెట్ లేని వేలాది మంది కంచె పడగొట్టి లోపలికి దూసుకొచ్చారు. అదే రోజు గార్సియాను చంపుతామన్న బెదిరింపు కూడా వచ్చింది. మరుసటి రోజు షో రద్దయింది. ఇలాగే చేస్తే టూర్లు ఆగిపోతాయని బ్యాండ్ అభిమానులకు లేఖ రాసింది. కొద్ది రోజులకే మిస్సోరిలో అభిమానులు తలదాచుకున్న ఒక వరండా కూలి, వంద మందికి పైగా గాయపడ్డారు.

జులై 9న షికాగోలో చివరి షో. ఆ తర్వాత నెల రోజులకు, ఆగస్టు 9న, కాలిఫోర్నియాలోని ఓ డీఅడిక్షన్ కేంద్రంలో గార్సియా గుండెపోటుతో కన్నుమూశారు. అప్పటికి 53 ఏళ్లు నిండి ఎనిమిది రోజులే. డిసెంబరులో బ్యాండ్ తన ప్రయాణానికి ముగింపు పలికింది. 30 ఏళ్లలో చేసిన షోలు సుమారు 2,300.

1996 ఏప్రిల్‌లో ఆయన చితాభస్మంలో కొంత మన దేశానికి వచ్చింది. రిషికేశ్ దగ్గర భార్య, బ్యాండ్ సహచరుడు బాబ్ వీర్ కలిసి దాన్ని గంగలో కలిపారు. మిగతాది శాన్‌ఫ్రాన్సిస్కో తీరంలో కలిపారు.

అభిమానులు చేసిన టేపులు వేల గంటలు ఇప్పటికీ ఆన్‌లైన్‌లో ఉన్నాయి. గార్సియా అద్భుతంగా వాయించిన రాత్రులూ, మాటలు తడబడిన రాత్రులూ అన్నీ అందులో వినొచ్చు. ఆయన మాట మర్చిపోయిన చోట, ఆ వెనకే జనం కేరింతలు కూడా వినిపిస్తాయి.