ద్వారం వెంకటస్వామి నాయుడు

ద్వారం వెంకటస్వామి నాయుడు (నవంబర్ 8, 1893 - నవంబర్ 25, 1964) ప్రముఖ కర్ణాటక సంగీత విద్వాంసుడు. గాత్రానికి పక్కవాద్యంగా ఉన్న వయొలిన్‌కు స్వతంత్ర వాద్యంగా కచేరీ వేదికపై గౌరవం తెచ్చినవారిలో అగ్రగణ్యుడు. ఆయన వాదనం గ్రామఫోను రికార్డుల ద్వారా తరువాతి తరాలకు కూడా అందింది.

జీవిత విశేషాలు

ఆయన బెంగుళూరులో దీపావళి నాడు జన్మించాడు. తండ్రి వెంకటరాయుడు సైనికోద్యోగి. ఆయన పదవీ విరమణ తరువాత కుటుంబం విశాఖపట్నంలో స్థిరపడింది. చిన్నతనం నుండి నాయుడుకు కంటిచూపు మందంగా ఉండేది. అందువల్ల బడి చదువు సాగలేదు. అన్న వెంకటకృష్ణయ్య వద్ద వయొలిన్ నేర్చుకున్నాడు. బడికి అడ్డువచ్చిన లోపం చెవితో నేర్చే విద్యకు అడ్డు కాలేదు.

1919లో విజయనగరంలో మహారాజా వారి సంగీత కళాశాల ఏర్పడింది. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి అధ్యక్షుడు. అక్కడ విద్యార్థిగా చేరాలని వెళ్ళిన నాయుడు, ప్రతిభ కారణంగా వయొలిన్ ఆచార్యుడిగానే నియమితుడయ్యాడు. అప్పటికి వయసు 26 సంవత్సరాలు. నారాయణదాసు అనంతరం 1936లో అధ్యక్ష పదవి చేపట్టాడు. 1938లో వెల్లూరులో తొలి వయొలిన్ సోలో కచేరీ చేశాడు.

వాద్య శైలి

వయొలిన్ పాశ్చాత్య వాద్యం. పియానోలో ప్రతి మెట్టుకూ ఒకే స్థిరమైన ధ్వని ఉంటుంది కనుక మన గమకాలు దానిపై పలకవు. వయొలిన్ తీగపై మెట్లు లేవు కనుక వేలు జారినట్లెల్లా స్వరం ఊగుతుంది. అందుకే అది కర్ణాటక సంగీతంలో ఒదిగిపోయింది. నాయుడు పాశ్చాత్య విద్వాంసుల వాదనాన్ని ఆసక్తితో విని, వారి కమాను పద్ధతిలోని మంచిని గ్రహించాడు. అయితే ఆయన కమాను పలికించింది మాత్రం గాత్రధర్మాన్నే.

రికార్డులలో శ్రుతి, కాలప్రమాణం, రసం

78 చుట్ల రికార్డు కాలంలో 10 అంగుళాల రికార్డు ఒక వైపున సుమారు మూడు నిమిషాల సంగీతమే పట్టేది. కచేరీలో గంటసేపు సాగగల రాగాన్ని అందులో ఇమడ్చాలి. ఇటువంటప్పుడు కాలప్రమాణాన్ని పెంచి త్వరత్వరగా వాయిస్తే కృతి అంతా పడుతుంది గానీ రాగరసం జారిపోతుంది. నెరవు, స్వరకల్పనలను తగ్గించి, రాగఛాయను తెలిపే ముఖ్య సంచారాలను నిలుపుకోవడం దీనికి మార్గం. ఆ కాలపు రికార్డులను వినేటప్పుడు విద్వాంసుడు ఏమి వాయించాడన్నదే కాక, ఏమి విడిచిపెట్టాడన్నది కూడా గమనించాలి.

శ్రుతి విషయంలో మరొక జాగ్రత్త అవసరం. పాశ్చాత్య రచనకు శ్రుతిని రచయితే నిర్ణయిస్తాడు. మన సంగీతంలో ఆధార షడ్జమాన్ని విద్వాంసుడు తన సౌకర్యాన్ని బట్టి ఎంచుకుంటాడు. వయొలిన్ నాలుగు తీగలను స-ప-స-పలుగా శ్రుతి చేస్తారు. రికార్డును నిమిషానికి 78 చుట్లకు బదులు 82 లేదా 83 చుట్లతో తిప్పితే శ్రుతి దాదాపు ఒక స్వరస్థానం పైకి పోతుంది. మూడు నిమిషాల వాదనం పది సెకన్ల ముందే ముగుస్తుంది. అంటే శ్రుతి, లయ రెండూ కలిసి మారిపోతాయి. నిదానమైన వాదనం కూడా చురుకుగా తోస్తుంది. యంత్రం స్ప్రింగు సడలితే దీనికి విరుద్ధంగా జరుగుతుంది. కనుక పాత రికార్డు ప్రతిని ఒక్కదాన్నే విని విద్వాంసుని శ్రుతిని, నడకను నిర్ణయించడం తగదు. వేగం మారినా చెడనిది స్వరాల మధ్య సంబంధం. రాగాన్ని గుర్తించడానికి ఆధారం అదే.

గౌరవాలు

1941లో మద్రాసు సంగీత అకాడమీ వారి సంగీత కళానిధి, 1950లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వారి కళాప్రపూర్ణ, 1953లో కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం, 1957లో పద్మశ్రీ ఆయనకు లభించాయి. 1952లో భారతదేశానికి వచ్చిన ప్రపంచ ప్రసిద్ధ వయొలిన్ విద్వాంసుడు యెహుదీ మెనూహిన్, మద్రాసులో జస్టిస్ పి.వి.రాజమన్నార్ ఇంట ఆయన వాదనం విని ప్రశంసించాడు. శతజయంతి సందర్భంగా 1993లో భారత తపాలా శాఖ ఆయన స్మారక తపాలా బిళ్ళను విడుదల చేసింది.