మూడవ సాలార్‌జంగ్

మూడవ సాలార్‌జంగ్‌గా ప్రసిద్ధుడైన మీర్ యూసుఫ్ అలీఖాన్ (1889 జూన్ 13 - 1949 మార్చి 2) హైదరాబాదు సంస్థానపు దివాను, పురావస్తు సంగ్రాహకుడు. పూనాలో జన్మించి, నెల తిరగకుండానే తండ్రిని కోల్పోయాడు. 1912లో చేపట్టిన దివాను పదవిని 1914లో వీడి, జాగీరు రాబడిలో అధికభాగం సేకరణకే వెచ్చించాడు.

దివాన్ దేవిడీలో కత్తులు, డాళ్ళు, కవచాలు, వత్తి అంటించి పేల్చే జామగిరీ తుపాకులు చేరాయి. ఔరంగజేబు, టిప్పు సుల్తానులవని చెప్పే ఆయుధాలూ వీటిలో ఉన్నాయి. సందర్శకులు మూగేది మాత్రం ముసుగు రెబెక్కా శిల్పం చుట్టూ; అది ఆయన తాత 1876లో కొన్నది.

ఆయన అవివాహితుడు. ప్రత్యక్ష వారసులు లేనందున మరణానంతరం ఈ సంపద చెల్లాచెదరయ్యే ప్రమాదం ఏర్పడింది. 1951 డిసెంబరు 16న నెహ్రూ దేవిడీలోనే మ్యూజియాన్ని ప్రారంభించాడు. 1958లో హైకోర్టు ద్వారా కుదిరిన రాజీతో బంధువులు సేకరణను ప్రభుత్వపరం చేశారు. 1961లో పార్లమెంటు చట్టం దీనిని జాతీయ ప్రాముఖ్యత గల సంస్థగా ప్రకటించింది. 1968లో మ్యూజియం మూసీ ఒడ్డున నిర్మించిన భవనానికి తరలింది.