డాక్టర్ పట్టాభి గారు: రాష్ట్రం కోరిన వైద్యుడు

ఉగాది సంచికలో ఒక మహనీయుని చరిత్ర ఉండాలని సంఘం పెద్దలు కోరగా మేము డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య గారిని ఎంచుకొన్నాము. తెలుగునాట పుట్టి పెరిగినవారికి ఆయన పేరు కొత్త కాదు. కాని తెలుగు మాట్లాడుతూ తెలుగు సీమకు వెలుపల బ్రతుకుతున్న మనబోటి వారికి ఆయనతో వేరొక సంబంధం ఉన్నది. మా ఊరు వెంకటమ్మనహళ్లి, పావగడ తాలూకాలోనిది. ఆ తాలూకా మైసూరు సంస్థానానిదే అయినా, చుట్టూ చాలావరకు నాటి అనంతపురం జిల్లా నేలే. ఇండ్లలో తెలుగు, కచేరీ కాగితాల మీద కన్నడం. ఆంధ్ర రాష్ట్రం అనే మాట పుట్టిన నాటి నుండి మావంటి ఊళ్లకు గీత ఎక్కడ పడుతుందన్నదే ప్రశ్న. ఆ మాటను దేశ నాయకుల చెవిన వేసి, విసుగు లేకుండా వాదించినవారిలో పట్టాభి గారు ముఖ్యులు.

ఆయన 1880 నవంబరు 24న ఏలూరు ప్రాంతపు గుండుగొలనులో జన్మించారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. ఇంట్లో లేమి. అయినా తల్లి చదువు మానిపించలేదు. బందరు నోబుల్ కళాశాల, తరువాత మద్రాసు క్రైస్తవ కళాశాల, ఆపైన వైద్య కళాశాల. ఎం.బి.సి.ఎం. పట్టా పుచ్చుకొని వచ్చి బందరులో వైద్యం ప్రారంభించారు. ఆ రోజుల్లో ఇంగ్లీషు వైద్యం చదివిన తెలుగువారు ఎందరని? బందరు వంటి రేవు పట్టణంలో అట్టి డాక్టరుకు రాబడికి లోటు ఉండదు. ఆయనకూ లేదు. పదేండ్ల పాటు వృత్తి బాగా సాగింది.

కాని ఆ పదేండ్లూ ఆయన మందుల బీరువా దగ్గరనే కూర్చున్నవారు కారు. 1907లో బిపిన్ చంద్రపాల్ గారు తెలుగు జిల్లాలలో చేసిన ఉపన్యాసాలతో స్వదేశీ గాలి బందరుకూ సోకింది. కృష్ణాపత్రిక ముట్నూరి కృష్ణారావు గారు, కోపల్లె హనుమంతరావు గారు, పట్టాభి గారు ముగ్గురూ ఒక జట్టు. ఆ ముగ్గురి పూనికతో 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల వెలసింది. సర్కారు సాయం లేకుండా, చదువుతో పాటు చేతి పనులు కూడా నేర్పాలన్న సంకల్పం దానిది. మన జాతీయ పతాకానికి రూపమిచ్చిన పింగళి వెంకయ్య గారు అక్కడ బోధించినవారే. హనుమంతరావు గారు 1922లోనే కన్నుమూశారు. కళాశాల కోసం ఆయన ధారపోసినంత మరెవరూ ధారపోయలేదని మా అభిప్రాయం; పట్టాభి గారిని పొగిడేటప్పుడు ఆయనను మరువరాదు.

1916 ప్రాంతంలో పట్టాభి గారు వైద్యం మానుకొన్నారు. మందు సీసాలు ఎత్తిపెట్టినవారు తరువాత చేసిన పనులు చూస్తే డాక్టరు కంటే లెక్కల గుమాస్తా గుర్తుకు వస్తాడు. మేము కూడా రైల్వేలో ఆ కాగితాల వృత్తిలో ఉన్నవారమే గనుక ఆ సంగతి మాకు ప్రీతిగా తోచింది. కృష్ణా డెల్టాలో నీరుంది, వరి ఉంది, అయినా రైతు షావుకారు పద్దులో ఉన్నాడు. దీనికి ఉపన్యాసం మందు కాదని ఆయనకు తెలుసు. 1915లో బందరులో కృష్ణా సహకార కేంద్ర బ్యాంకు, 1923 నవంబరులో ఆంధ్రా బ్యాంకు, 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీ. ఆంధ్రా బ్యాంకు లక్ష రూపాయల మూలధనంతో మొదలైంది. అది పెరిగి పెద్దదై, 1980లో జాతీయమై, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. పరాయి ఊళ్లో బజారులో నడుస్తూ తలెత్తి చూస్తే, ఆంధ్రా అన్న అక్షరాలు కనబడే బోర్డు ఒకటి ఉండేది. ఆ బోర్డు దించిన రోజున మా వాళ్లలో కొందరికి ఏదో పోగొట్టుకొన్నట్లయింది.

ఇక రాష్ట్రం సంగతి. నాటి మద్రాసు రాజధానిలో తెలుగు, తమిళ, కన్నడ, మలయాళ జిల్లాలు ఒకే గంపలో ఉండేవి. 1913లో బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. కొండ వెంకటప్పయ్య గారు మొదలైన వారితో కలిసి పట్టాభి గారు ఈ కోరికను కాంగ్రెసు ముంగిటికి తీసుకుపోయారు. 1917 కలకత్తా కాంగ్రెసులో దీనిమీద గంటల తరబడి వాదం జరిగింది. అనీబిసెంటు గారు వద్దన్నారు. గాంధీ గారు కొంత కాలం ఆగవచ్చునన్నారు. తిలక్ గారు మాత్రం ప్రజల భాషలో పాలన లేనిది స్వపరిపాలన కాదన్న వైపు నిలిచారు. వాదం నెగ్గింది. 1918లో ఆంధ్రకు ప్రత్యేక కాంగ్రెసు శాఖ ఏర్పడింది. రెండేండ్ల తరువాత, 1920లో, నాగపూరు కాంగ్రెసు దేశమంతటికీ భాషనుబట్టి శాఖలు ఏర్పరచింది. ఆంధ్రులకు సర్కారు ఇవ్వని రాష్ట్రాన్ని కాంగ్రెసు ముందుగా కాగితం మీద ఇచ్చిందన్నమాట.

1937లో మద్రాసులో కాంగ్రెసు మంత్రివర్గం వచ్చినప్పుడు పట్టాభి గారు మంత్రి కాలేదు. ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెసు అధ్యక్షులుగా పనిచేశారు. ఆ యేడు నవంబరులోనే రాయలసీమ వారి భయాలు తీర్చడానికి శ్రీబాగ్ ఒడంబడిక జరిగింది. అందులో ఆయన సంతకమూ ఉంది, మా పొరుగు జిల్లా కల్లూరి సుబ్బారావు గారి సంతకమూ ఉంది. సంస్థాన ప్రజల మహాసభలో కూడా ఆయన పెద్ద బాధ్యతలు వహించారు. మైసూరు సంస్థానంలో ఉన్న మావంటి వారి గోడు వినే కాంగ్రెసు పెద్దలలో ఆయన ఒకరని చెప్పవచ్చును.

1939లో కాంగ్రెసు అధ్యక్ష పదవికి సుభాష్ బాబు గారితో పోటీపడి ఓడిపోయారు. వారికి 1580 ఓట్లు, ఈయనకు 1377. గాంధీ గారు ఆ ఓటమిని తనదిగా చెప్పుకొన్నారు. పిల్లలు పాఠాలలో పట్టాభి పేరు వినేది ఈ ఒక్క సందర్భంలోనే కావడం మాకు అన్యాయంగా తోస్తుంది. 1942లో నాయకులందరితో పాటు ఆయననూ పట్టి అహమ్మద్‌నగర్ కోటలో పెట్టారు. సుమారు మూడేండ్లు అక్కడే. 1948లో పురుషోత్తమదాస్ టాండన్ గారిపై నెగ్గి కాంగ్రెసు అధ్యక్షులయ్యారు. జయపూరు మహాసభ ఆయన అధ్యక్షతనే జరిగింది.

అక్కడే చిక్కు వచ్చింది. భాషా రాష్ట్రాల విషయం పరిశీలించమని జవహర్‌లాల్, వల్లభభాయి, పట్టాభి గార్లను ఒక సంఘంగా వేశారు. 1949 ఏప్రిల్‌లో వారు నివేదిక ఇచ్చారు. మొత్తం మీద భాషా రాష్ట్రాలను వాయిదా వేయవలెనని, ఆంధ్రను మాత్రం చేపట్టవచ్చునని, అయితే మద్రాసు పట్టణంపై హక్కు వదులుకొనవలెనని దాని సారాంశం. తెలుగు జిల్లాలు భగ్గుమన్నాయి. సంతకాలు మూడు, నింద మాత్రం ఒక్కరికే. తక్కిన ఇద్దరూ ఆంధ్రులు కారు గదా! ముప్పై యేండ్లకు పైగా రాష్ట్రం కోసం వాదించినవారే మద్రాసును వదిలేశారని ఆడిపోసుకొన్నారు.

ఈ విషయంలో మా మాట ఒకటి చెబుతాము, ఒప్పకపోయినా చింత లేదు. మద్రాసు పోయిందని ఏడ్చినవారి బాధ నిజమైనదే. అక్కడ తరతరాల తెలుగు ఇండ్లున్నాయి. కాని గీత గీసినప్పుడు ఎవరో ఒకరు అవతల పడక తప్పదని మావంటి సరిహద్దు వాళ్లకు ముందే తెలుసు. పావగడ అవతలనే ఉండిపోయింది. దానికోసం ఊరేగింపులు జరిగినట్లు మా పెద్దలు ఎన్నడూ చెప్పలేదు. ఆ నివేదిక తరువాత మూడేండ్లు గడిచినా రాష్ట్రం రాలేదు. పొట్టి శ్రీరాములు గారు 1952 అక్టోబరు 19న నిరశన పూని, డిసెంబరు 15న ప్రాణం విడిచారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, మద్రాసు లేకుండానే. అంటే 1949లో ఆ కాగితంలో ఉన్న షరతే. ముందే ఒప్పుకొని ఉంటే శ్రీరాములు గారు దక్కేవారేమో అనిపిస్తుంది. షరతు ఒప్పుకొన్నా ఢిల్లీ వారు జాగు చేసి ఉండేవారేమో అని కూడా అనిపిస్తుంది. రెండూ అనిపిస్తాయి.

రాష్ట్రం పుట్టిన నాటికి పట్టాభి గారు తెలుగునాట పదవిలో లేరు. 1952 నుండి మధ్యప్రదేశ్ గవర్నరు. అప్పటి రాజధాని నాగపూరు, అంటే 1920లో భాషా శాఖల తీర్మానం నెగ్గిన ఊరే. 1939లో ఆయన ఓటమి తరువాత మహాసభ జరిగిన త్రిపురి కూడా ఆ రాష్ట్రంలోదే. కర్నూలులో డేరాలు వేసి కచేరీలు నడుపుతున్న కాలంలో, ఆ రాష్ట్రాన్ని మొదట కోరినవారిలో ఒకరు హిందీ, మరాఠీ సీమలో మనవలెనే ప్రవాసంలో ఉన్నారు. 1957లో ఆ పదవి దిగారు. అప్పటికి హైదరాబాదు రాజధానిగా ఆంధ్రప్రదేశ్ ఏర్పడి యేడాది కావస్తోంది. ఆ హైదరాబాదులోనే 1959 డిసెంబరు 17న, 79 యేండ్ల వయసులో, ఆయన కాలధర్మం చెందారు.