మళ్లీ శిష్యుడైన చినమౌలానా సాహెబ్

వికారాబాద్, తాండూరు ఇళ్లల్లో పిల్లలెవరైనా డిగ్రీలో సంగీతం తీసుకుంటామంటే పెద్దలకు వచ్చే అనుమానం ఒకటే, రేపు బతుకుదెరువు ఎట్లా అని. కచేరీలైనా చేయాలి, పాఠాలైనా చెప్పుకోవాలి. ఆ రెండూ చేసి చూపించినాయన నాదస్వర విద్వాంసుడు షేక్ చినమౌలానా సాహెబ్.

1924లో ఒంగోలు దగ్గరి కరవదిలో పుట్టారు. తరతరాలుగా గుళ్లలో నాదస్వరం వాయించిన ముస్లిం కుటుంబం వాళ్లది. తండ్రి దగ్గర మొదలుపెట్టి, తర్వాత చిలకలూరిపేట ఆదం సాహెబ్ దగ్గర నేర్చుకున్నారు. విద్య చేతికొచ్చింది. అక్కడితో ఆగినా ఇల్లు గడిచేదే. కానీ రాగాన్ని నిదానంగా, విస్తారంగా పెంచే తంజావూరు బాణీ మీద ఆయన మనసు పడింది. భాష రాని చోటైతేనేం, నాచ్చియార్‌కోయిల్ రాజం, దురైకణ్ణు సోదరుల ముందు మళ్లీ శిష్యుడై కూర్చున్నారు. వచ్చిన విద్యను పక్కనపెట్టి మొదటి నుంచి దిద్దుకోవడం చిన్న పని కాదు.

ఆ తర్వాత శ్రీరంగంలోనే స్థిరపడ్డారు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాస్ మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి వచ్చాయి. ఈ మధ్యలోనే, 1982లో, శారదా నాదస్వర సంగీత ఆశ్రమం పెట్టి పాఠాలు చెప్పారు. మనవలు కాశిం, బాబు ఆయన దగ్గరే తయారయ్యారు. కాలీషాబీ, మహబూబ్ సుభానీ దంపతులు కర్నూలు ప్రభుత్వ శారదా సంగీత కళాశాలలో చదువుకున్నాక కూడా ఆయన దగ్గరికి వెళ్లారు. కాలేజీ ఒక్కటే సరిపోలేదన్న మాట.

1999లో చినమౌలానా కన్నుమూశారు. 2020లో ఆ దంపతులకూ పద్మశ్రీ వచ్చింది.