వానలో నేర్చుకున్న డ్రైవింగ్: అయర్టన్ సెన్నా జీవితం



ఈ నెల మీకు పరిచయం చేస్తున్నది ఒక రేస్ కారు డ్రైవర్‌ని. స్కూల్ న్యూస్‌లెటర్‌లో రేస్ డ్రైవర్ ఏమిటని మీకు అనిపించవచ్చు. ఆయన పేరుతో బ్రెజిల్‌లో నడుస్తున్న ఒక సంస్థ 1994 నుంచి చదువులో వెనుకబడిన పిల్లల కోసం పనిచేస్తోంది. ఆయన కథ మన పిల్లలకు ఎంత అవసరమో, మనకూ అంతే అవసరం.

తడబడే అడుగులు

అయర్టన్ సెన్నా డా సిల్వా 1960 మార్చి 21న బ్రెజిల్‌లోని సావో పాలో నగరంలో పుట్టాడు. నాన్న మిల్టన్ వ్యాపారి, బాగా ఉన్న కుటుంబం. ముగ్గురు పిల్లల్లో అయర్టన్ రెండోవాడు. అక్క పేరు వివియాన్, తమ్ముడి పేరు లియోనార్డో.

చిన్నప్పుడు అతని కదలికల్లో తడబాటు ఉండేది. మెట్లెక్కడం కూడా కష్టమయ్యేది. అమ్మానాన్నలు డాక్టర్లకు చూపించారు. అలాంటి పిల్లాడికి నాలుగేళ్లు వచ్చాక నాన్న ఒక చిన్న కార్ట్ తయారు చేసి ఇచ్చాడు. దానికి గడ్డి కోసే మెషీన్ ఇంజిన్ బిగించాడు. నడకలో తడబడే పిల్లాడు స్టీరింగ్ పట్టుకుంటే మాత్రం కుదురుగా ఉండేవాడు.

పదమూడేళ్లకు, అంటే 1973లో, ఇంటర్లాగోస్ ట్రాక్ మీద మొదటిసారి కార్ట్ రేస్‌లో పాల్గొన్నాడు.

వాన పడితే ట్రాక్‌కి

మొదట్లో ఒక రేస్ రోజు వాన పడింది. తడి ట్రాక్ మీద కార్ట్ జారిపోయి అయర్టన్ ఘోరంగా ఓడిపోయాడు. ఆ తర్వాత వాన పడ్డప్పుడల్లా, మిగతావాళ్లు ఇంటిదారి పడుతుంటే, అతను కార్ట్ తీసుకుని ట్రాక్‌కి వెళ్లేవాడు. రాని పనినే పదేపదే చేశాడు.

దాని ఫలితం చాలా ఏళ్లకు కనిపించింది. 1984లో ఫార్ములా వన్‌లోకి వచ్చినప్పుడు టోల్‌మన్ అనే చిన్న జట్టుకు నడిపాడు. ఆ ఏడాది మొనాకో రేస్‌లో కుండపోత వాన. 13వ స్థానం నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కరినీ దాటుకుంటూ రెండో స్థానానికి వచ్చాడు. వాన పెరగడంతో రేస్‌ని మధ్యలోనే ఆపేశారు. మరుసటి ఏడాది లోటస్ జట్టు తరఫున పోర్చుగల్‌లో తొలి విజయం సాధించాడు. ఆ రోజూ వానే.

ఇంటి నుంచి వచ్చిన పిలుపు

ఈ రెండింటి మధ్య జరిగిన ఒక విషయం తల్లిదండ్రులుగా మీకు దగ్గరగా ఉంటుంది. 1981లో అయర్టన్ ఇంగ్లండ్ వెళ్లి ఫార్ములా ఫోర్డ్ రేసుల్లో ఛాంపియన్ అయ్యాడు. ఇంట్లోవాళ్లకు మాత్రం కొడుకు తిరిగి వచ్చి వ్యాపారం చూసుకోవాలని ఉంది. ఆ ఏడాది చివర్లో రేసింగ్ మానేస్తున్నానని ప్రకటించి అతను ఇంటికి వచ్చేశాడు.

కానీ మనసు అక్కడే ఉండిపోయింది. కొన్ని నెలలకే ఇంట్లోవాళ్లు సరేనన్నారు. 1982లో మళ్లీ ఇంగ్లండ్ వెళ్లి గెలిచాడు. 1983లో బ్రిటిష్ ఫార్ములా త్రీలో మొదటి తొమ్మిది రేసులూ వరుసగా గెలిచి, ఆ ఏడాది ఛాంపియన్ అయ్యాడు. సిల్వా అనే ఇంటిపేరు బ్రెజిల్‌లో వీధికొకరికి ఉంటుంది. అందుకే అమ్మ వైపు పేరు సెన్నానే ఉంచుకున్నాడు.

మూడు టైటిళ్లు, ఒక మచ్చ

1988లో మెక్‌లారెన్ జట్టులో చేరాడు. ఆ ఏడాది 16 రేసుల్లో 15 ఆ జట్టువే. అందులో సెన్నావి 8, తోటి డ్రైవర్ అలెన్ ప్రాస్ట్‌వి 7. 1988, 1990, 1991 సంవత్సరాల్లో సెన్నా ప్రపంచ ఛాంపియన్. మొత్తం 161 రేసుల్లో 41 గెలిచాడు, 65 సార్లు అందరికంటే ముందు స్థానం నుంచి మొదలుపెట్టాడు.

1991లో సొంత ఊరు సావో పాలోలో గెలిచిన తీరు బ్రెజిల్ వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. చివరి ల్యాపుల్లో గేర్లు పాడై ఆరో గేర్ ఒక్కటే మిగిలింది. దాంతోనే లాక్కొచ్చాడు. కండరాలు పట్టేసి, కప్పు పైకెత్తడానికి కూడా చేతులు సహకరించలేదు.

ఇక మచ్చ సంగతి. 1989లో జపాన్‌లో ప్రాస్ట్, సెన్నాల కార్లు ఢీకొన్నాయి. సెన్నాని డిస్‌క్వాలిఫై చేశారు, టైటిల్ ప్రాస్ట్‌కి వెళ్లింది. 1990లో అదే ట్రాక్ మీద, మొదటి మలుపులోనే సెన్నా ప్రాస్ట్ కారుని గుద్దాడు. టైటిల్ వచ్చింది. కావాలనే చేశానని మరుసటి ఏడాది తనే ఒప్పుకున్నాడు. ఆ వేగంలో ఇద్దరి ప్రాణాలూ పోయేవి. గొప్పవాళ్ల కథ పిల్లలకు చెప్పేటప్పుడు ఇలాంటి భాగం దాచకుండా చెబితేనే మంచిది. మొదటి స్థానం కోసం మనిషి ఎంత దూరం వెళ్లగలడో, ఎక్కడ ఆగాలో పిల్లలే ఆలోచిస్తారు.

అదే సెన్నా 1992లో బెల్జియంలో ఇంకోలా కనిపిస్తాడు. ప్రాక్టీస్‌లో ఎరిక్ కోమాస్ కారు ప్రమాదానికి గురైంది. డ్రైవర్‌కి స్పృహ లేదు, ఇంజిన్ ఇంకా తిరుగుతోంది. సెన్నా తన కారు ఆపి, ట్రాక్ మీద పరుగెత్తుకుంటూ వెళ్లి ఆ ఇంజిన్ ఆపాడు. డాక్టర్లు వచ్చేవరకూ కోమాస్ తల కదలకుండా పట్టుకున్నాడు.

ఇమోలా, 1994

1994లో విలియమ్స్ జట్టుకు మారాడు. ఇటలీలోని ఇమోలాలో ఏప్రిల్ 30న రోలండ్ రాట్జెన్‌బెర్గర్ అనే ఆస్ట్రియా డ్రైవర్ ట్రాక్ మీద జరిగిన ప్రమాదంలో చనిపోయాడు. మర్నాడు ఉదయం డ్రైవర్ల భద్రత కోసం సంఘాన్ని మళ్లీ నిలబెట్టాలని సెన్నా తోటివాళ్లతో మాట్లాడాడు. మధ్యాహ్నం రేస్‌లో ఏడో ల్యాప్‌లో అతని కారు గోడను ఢీకొట్టింది. వయసు 34. కారులో ఒక ఆస్ట్రియా జెండా దొరికింది. గెలిస్తే రాట్జెన్‌బెర్గర్ జ్ఞాపకంగా ఎగరేయాలనుకున్నాడు.

బ్రెజిల్ మూడు రోజులు సంతాపం పాటించింది. శవపేటికను మోసినవాళ్లలో ప్రాస్ట్ కూడా ఉన్నాడు. ఆ తర్వాత కార్లు, ట్రాకులు, నియమాలు చాలా మారాయి.

చనిపోయాక తెలిసిన సంగతి

బతికున్నప్పుడు సెన్నా పేద పిల్లల కోసం పెద్ద మొత్తాలు ఇచ్చేవాడు. ఆ దానాల సంగతి బయటి ప్రపంచానికి ఎక్కువగా తెలిసింది చనిపోయాకే. చనిపోయే ముందు నెలల్లో, పిల్లల కోసం పద్ధతిగా ఏదైనా చేయాలని అక్క వివియాన్‌తో మాట్లాడాడు. ఆవిడ సైకాలజిస్ట్. తమ్ముడు పోయిన ఏడాదిలోనే, 1994 నవంబరులో, అయర్టన్ సెన్నా ఇన్‌స్టిట్యూట్ మొదలుపెట్టారు. సెన్నా పేరు, బొమ్మ, పిల్లల కోసం తయారైన సెన్నిన్యా అనే కార్టూన్ పాత్ర, వీటి హక్కుల మీద వచ్చే డబ్బు సంస్థకు అందేలా కుటుంబం ఏర్పాటు చేసింది.

ఆ రోజుల్లో బ్రెజిల్ ప్రభుత్వ బడుల్లో పెద్ద సమస్య ఫెయిలవడం. ఫెయిలైన పిల్లాడు అదే క్లాసులో మళ్లీ కూర్చుంటాడు. పక్కన తనకంటే రెండు మూడేళ్ల చిన్నవాళ్లు. సిగ్గుతో ఒకరోజు బడే మానేస్తాడు. సంస్థ 1997లో మొదలుపెట్టిన అసెలెరా బ్రెజిల్ కార్యక్రమం సరిగ్గా ఈ పిల్లల కోసమే. వాళ్లకు విడిగా శ్రద్ధగా పాఠాలు చెప్పి, వయసుకు తగ్గ క్లాసుకు చేరుస్తారు. క్లాసులో కూర్చుంటున్నా చదవడం, రాయడం రాని పిల్లలకు మరో కార్యక్రమం ఉంది. టీచర్లకు ట్రైనింగ్ కూడా ఇస్తారు. దేశమంతటా లక్షల మంది పిల్లలకు ఈ పని అందింది.

మన ఇంట్లో

ఫార్ములా వన్‌లో స్థానాలు సెకనులో వెయ్యో వంతు తేడాతో మారతాయి. అలాంటి ఆటలో ఛాంపియన్ అయిన మనిషి పేరు చివరికి వెనుకబడిన పిల్లలకు తోడైంది. మన పిల్లల ర్యాంకు కార్డు చూసేటప్పుడు ఇది గుర్తుంటే బాగుంటుంది.

ఈ నెల ఒక పని చేయండి. మీ బాబుకి గానీ పాపకి గానీ ఏ సబ్జెక్ట్ అంటే భయమో అడగండి. మార్కుల ఊసు ఎత్తకుండా, రోజూ ఓ పావుగంట ఆ సబ్జెక్ట్ పట్టుకుని పక్కనే కూర్చోండి. వచ్చే పేరెంట్ టీచర్ మీటింగ్‌లో ఏం జరిగిందో మాకు చెప్పండి, వినడానికి ఎదురుచూస్తుంటాం.