వంటమనిషి మేరీ కథ



మన గోడపత్రికలో ఎప్పుడూ నాయకుల గురించి, శాస్త్రవేత్తల గురించి రాస్తాం. ఈసారి నేను ఒక వంటమనిషి గురించి రాస్తున్నాను. ఆమె పేరు మేరీ మాలన్. లోకం ఆమెను టైఫాయిడ్ మేరీ అంటుంది. ఆ పేరు ఆమె పెట్టుకున్నది కాదు.

మేరీ 1869లో ఐర్లాండు దేశంలో కుక్‌స్టౌన్ అనే ఊళ్ళో పుట్టింది. బీదవాళ్ళు. చిన్నవయసులోనే ఓడెక్కి అమెరికా పోయింది. న్యూయార్కులో డబ్బున్నవాళ్ళ ఇళ్ళలో వంటకి కుదిరింది. బట్టలుతికే పనికన్నా వంటపనికి జీతం ఎక్కువ.

1906 ఎండాకాలంలో ఆయిస్టర్ బే అనే చోట ఒక ఇంట్లో వంట చేసింది. ఆ ఇంట్లో 11 మంది ఉంటే 6 గురికి టైఫాయిడ్ వచ్చింది. జార్జ్ సోపర్ అనే ఆయన వచ్చి కారణం వెతికాడు. మేరీ అంతకుముందు పనిచేసిన 8 ఇళ్ళలో 7 ఇళ్ళకి ఆ జ్వరం వచ్చిందని తెలిసింది. కానీ మేరీకి మాత్రం ఏ జబ్బూ లేదు. క్రిములు ఆమె కడుపులో ఉండి మలంతో బయటికి వచ్చేవి.

పొయ్యి మీద బాగా ఉడికితే క్రిములు చస్తాయి కదా, మరి ఎలా అంటుకుంది అని మీకు అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది. మేరీ ఐస్‌క్రీం చేసి, అందులో పచ్చి పీచ్ పండ్లు కోసి కలిపేది. దాన్ని ఉడకబెట్టరు. చలికి క్రిములు పెరగవు గానీ చావవు. చేతి నుంచి పండుకి, పండు నుంచి కడుపులోకి పోయాయని సోపర్ అనుకున్నాడు.

1907లో పోలీసులు వచ్చి మేరీని పట్టుకుపోయారు. నది మధ్యలో నార్త్ బ్రదర్ అనే దీవిలో ఉంచారు. నాకు జబ్బే లేదని ఆమె కోర్టుకి పోయింది, ఓడిపోయింది. 1910లో ఇక వంట చెయ్యనని సంతకం పెట్టించుకుని వదిలారు. ఉతుకు పనిలో జీతం చాల్లేదు. పేరు మార్చుకుని మళ్ళీ వంటకి చేరింది. 1915లో ఒక కాన్పుల ఆసుపత్రిలో 25 మందికి జ్వరం వచ్చి ఇద్దరు చనిపోయారు. మళ్ళీ దీవికి పంపారు. 1938లో చనిపోయే దాకా అక్కడే ఉంది.

ఇద్దరు చనిపోయారు, అది చిన్న విషయం కాదు. మళ్ళీ వంటకి పోవడం మేరీ తప్పే. కానీ నాకు ఆమె మీద జాలి కూడా వేసింది. క్రిములు మోసేవాళ్ళు ఆ ఊళ్ళో ఇంకా చాలామంది దొరికారు, వాళ్ళని అంతకాలం బంధించలేదు. వంట మానమన్నారు గానీ అంత జీతం వచ్చే ఇంకో పని ఎవరూ చూపలేదు. మా ఇంట్లో కూడా కూలికి పోకపోతే పొయ్యి వెలగదు. అందుకే నాకు అర్థమైంది.

మనం గుర్తుంచుకోవాల్సినవి:

1. దొడ్డికి పోయి వచ్చాక, వడ్డించే ముందు సబ్బుతో చేతులు కడగాలి.
2. వండినది 60 డిగ్రీలకు పైన వేడిగా ఉంచాలి. చల్లగా ఉంచేవి 5 డిగ్రీల లోపు ఉండాలి. ఈ రెండిటి మధ్య క్రిములు తొందరగా పెరుగుతాయి. వండింది 2 గంటలకన్నా ఎక్కువసేపు బయట ఉంచకూడదు.
3. పచ్చివి తినేముందు మంచి నీళ్ళతో కడగాలి.

పెద్దలకు ఒక మనవి. వంటచేసే అమ్మలకి జ్వరమో విరేచనాలో వస్తే కూలి కొయ్యకుండా సెలవు ఇవ్వాలి. కూలి పోతుందని భయముంటే జబ్బు చెప్పరు, దాస్తారు.

ఇట్లు,
తొమ్మిదవ తరగతి విద్యార్థిని