నడుముకు దన్ను: జోసెఫ్ పిలాటిస్ జీవితం



మన సంఘం ప్రత్యేక సంచికకు ఆరోగ్యం మీద ఏదైనా వ్రాయవలసిందిగా సంపాదకవర్గం వారు కోరారు. నేను డాక్టరును కాను. 34 సంవత్సరాలు గుమాస్తాగా పని చేసి, 58వ ఏట పదవీ విరమణ చేసినవాడిని. ఫైలులో ఉన్న విషయాన్ని క్లుప్తంగా వ్రాసి పై అధికారికి పుటప్ చేయడమే నాకు తెలిసిన విద్య. అదే పద్ధతిలో పొట్ట వ్యాయామాల గురించి, వాటికి జీవితమంతా ధారపోసిన ఒక మనిషి గురించి చదివి తెలుసుకున్నది, కొంత ఆచరించి చూసినది మీ ముందు పెడుతున్నాను.

ఇప్పుడు హైదరాబాదు వంటి నగరాలలో పిలాటిస్ తరగతులు అనే బోర్డులు కనబడుతున్నాయి. మా కోడలు అలాంటి తరగతికి వెళ్తుంది. అది ఏదో యంత్రం పేరనుకునేవారు మనలో చాలామంది ఉన్నారు. కాని అది ఒక మనిషి ఇంటిపేరు.

జోసెఫ్ పిలాటిస్ 1883 డిసెంబరు 9న జర్మనీలోని మొన్‌షెన్‌గ్లాడ్‌బాఖ్ అనే పట్టణంలో జన్మించారు. తండ్రి లోహపు పని చేసేవారు, జిమ్నాస్టిక్స్ అంటే ఆసక్తి గలవారు. కొడుకు మాత్రం చిన్ననాడు రోగిష్టి. ఉబ్బసం, ఎముకలు వంగిపోయే రికెట్స్, కీళ్ళవాత జ్వరం, ఈ మూడూ ఆ పసివాడిని పట్టి పీడించాయి. అటువంటి పిల్లవాడిని ఇంటిపట్టున కూర్చోబెట్టడమే ఆ రోజుల ఆనవాయితీ. ఆయన కూర్చోలేదు. జిమ్నాస్టిక్స్, బాక్సింగ్ నేర్చుకున్నారు. శరీర నిర్మాణం మీద దొరికిన పుస్తకమల్లా చదివారు. యౌవనానికి వచ్చేసరికి చూడముచ్చటైన కండపుష్టి గలవాడయ్యారు.

మొదటి ప్రపంచ యుద్ధానికి ముందే ఆయన ఇంగ్లండు చేరారు. అక్కడ బాక్సరుగా, సర్కస్ ప్రదర్శకుడుగా పొట్ట పోసుకున్నారు. 1914లో యుద్ధం మొదలవగానే బ్రిటిషు ప్రభుత్వం తన గడ్డ మీద ఉన్న జర్మనులను శత్రుదేశీయులుగా లెక్కగట్టి నిర్బంధించింది. పిలాటిస్ ముందు లాంకాస్టర్ శిబిరంలోను, తరువాత ఐల్ ఆఫ్ మాన్ ద్వీపంలోని నాకలో శిబిరంలోను ఉన్నారు. ఆ శిబిరంలో 20,000కు పైగా మనుషులు ముళ్ళకంచెల నడుమ సంవత్సరాల తరబడి గడిపారు. చేయడానికి పని లేదు, వెళ్ళడానికి చోటు లేదు. ఆ స్థితిలో మనిషికి మిగిలేవి రెండే: తన ఒళ్ళు, అది చాచి పడుకోగలిగినంత నేల. పిలాటిస్ ఆ రెంటితోనే పని మొదలుపెట్టారు. నేల మీద చేసే వ్యాయామాలు తాను సాధన చేస్తూ తోటి బందీలకు నేర్పారు. మంచం పట్టిన రోగుల కోసం మంచాల స్ప్రింగులు ఊడదీసి వ్యాయామ సాధనాలుగా బిగించారని ఒక కథ ప్రచారంలో ఉంది. కథను కథగానే ఉంచుదాం. స్ప్రింగులతో పని చేసే సాధనాలు ఆయన తరువాతి కాలంలో అనేకం తయారు చేసిన మాట మాత్రం నిజం.

ఈ ఘట్టం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. పదవీ విరమణ తరువాత మనలో కొందరికి ఇల్లే ఒక శిబిరమవుతుంది. మోకాళ్ళు నొప్పి, వీధిలో రద్దీ, పార్కు దూరం. అయినా చాప పరచినంత జాగా ఏ ఇంట్లోనైనా ఉంటుంది కదా!

యుద్ధం ముగిశాక ఆయన జర్మనీకి తిరిగి వెళ్ళి, హాంబర్గులో కొంతకాలం ఉండి, 1926లో ఓడెక్కి అమెరికా వెళ్ళారు. ఆ ప్రయాణంలోనే క్లారా అనే ఆమె పరిచయమై, జీవితాంతం ఆయనకు తోడుగా నిలిచారు. ఇద్దరూ న్యూయార్కు నగరంలో ఎనిమిదవ అవెన్యూలో వ్యాయామశాల తెరిచారు. నృత్యశాలలకు దగ్గరి చోటు కావడం వల్ల, దెబ్బలు తగిలిన నర్తకులు అక్కడికి రావడం మొదలుపెట్టారు. జార్జ్ బాలంచిన్, మార్తా గ్రాహం వంటి సుప్రసిద్ధులకు కూడా ఆ వ్యాయామశాలతో సంబంధం ఏర్పడింది. పిలాటిస్ కఠినమైన గురువు. క్లారా నెమ్మదస్తురాలు. నీరసంగా ఉన్నవారికి, జబ్బుపడి లేచినవారికి వ్యాయామాన్ని తగ్గించి, ఒంటికి తగినట్లు మార్చి నేర్పడంలో ఆమెది అందెవేసిన చేయి అని శిష్యులు చెప్పుకున్నారు. నా మట్టుకు నాకు, మన వయసు వారికి ఆవిడే అసలు గురువు అనిపిస్తుంది.

ఆయన తన విద్యకు పెట్టుకున్న పేరు కంట్రాలజీ, అంటే శరీరాన్ని మనసు అదుపులో ఉంచే శాస్త్రం. 1934లో ఒక పుస్తకం, 1945లో విలియం జాన్ మిల్లర్‌తో కలిసి రిటర్న్ టు లైఫ్ త్రూ కంట్రాలజీ అనే మరో పుస్తకం ప్రచురించారు. ఈ రెండవ దానిలో చాప మీద చేసే 34 వ్యాయామాలున్నాయి. మొదటిది హండ్రెడ్. వెల్లకిలా పడుకొని, తలను, కాళ్ళను కొద్దిగా ఎత్తి ఉంచి, పక్కన చాచిన చేతులను పైకీ కిందకూ ఆడిస్తారు. అయిదు లెక్కపెట్టేవరకు ఊపిరి పీల్చి, అయిదు లెక్కపెట్టేవరకు వదలాలి. అలా పదిసార్లు చేస్తే నూరు అవుతుంది. ఎన్నిసార్లు చేశామన్న దానికన్నా ఎంత సరిగా చేశామన్నదే ఆయనకు ముఖ్యం.

ఆయన పద్ధతిలో పొట్ట, నడుము, పిరుదుల భాగాన్ని పవర్‌హౌస్ అంటారు. కాలు కదిలినా చేయి కదిలినా శక్తి అక్కడినుంచే సరఫరా కావాలని భావం. మన గోడౌనులలో హమాలీ బస్తా ఎత్తేముందు తలగుడ్డ తీసి నడుముకు బిగించి కట్టుకోవడం మీరు చూసే ఉంటారు. అటువంటి కట్టు మన ఒంట్లో పుట్టుకతోనే ఉంది. పొట్ట కండరాల పొరలన్నిటికన్నా లోపల, నడుము చుట్టూ అడ్డంగా పట్టీలా చుట్టుకొని ఒక కండరం ఉంటుంది. 1996లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన పాల్ హాడ్జెస్, కరోలిన్ రిచర్డ్‌సన్ దీనిని పరిశీలించారు. ఆరోగ్యవంతులలో చేయి కదలకముందే ఈ కండరం బిగుస్తుందని, నడుము నొప్పి ఉన్నవారిలో అది ఆలస్యంగా మేల్కొంటుందని వారు తేల్చారు. దశాబ్దాల తరబడి కుర్చీలో వంగి కూర్చున్న మనకు ఇది సంబంధించిన సంగతే. నా నడుము నొప్పికి ఫిజియోథెరపిస్టు మొదట నేర్పింది కూడా ఊపిరి వదులుతూ బొడ్డును లోపలికి తీసుకోవడమే.

ఇక చాలామంది అడిగే ప్రశ్న: ఈ వ్యాయామాలతో పొట్ట తగ్గుతుందా? 2011లో అమెరికాలో 24 మంది మీద ఒక పరిశోధన జరిగింది. వారిలో ఒక జట్టు చేత ఆరు వారాలు పొట్ట వ్యాయామాలు మాత్రమే చేయించారు. పొట్ట కండరాల ఓర్పు పెరిగింది, కొవ్వు మాత్రం తగ్గలేదు. కొవ్వు తగ్గాలంటే పళ్ళెంలో అన్నం తగ్గాలి, రోజూ నడక ఉండాలి. మన దేశపు వారిలో పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటిన నడుము చుట్టుకొలత మధుమేహానికి, గుండె జబ్బుకు హెచ్చరిక అని వైద్యులు చెబుతారు. టేపు ఇంట్లోనే ఉంటుంది, కొలుచుకొనవచ్చును. అయితే లోపలి కట్టు బిగిస్తే వేలాడే పొట్ట కొంత లోనికి సర్దుకుంటుంది, మనిషి నిటారుగా నిలబడతాడు.

అంతకంటె ముఖ్యమైన ప్రయోజనం ఇంకొకటి ఉంది. మన సభ్యులొకరు, పేరు వ్రాయను, స్నానాల గదిలో జారిపడ్డారు. ఎముక ఏదీ విరగలేదు. కాని లేచి కూర్చునే సత్తువ పొట్టలోను, నడుములోను లేకపోయింది. లోపల గడియ. ఇంట్లోవారు బజారు నుండి వచ్చేవరకు రెండు గంటలసేపు తడినేల మీదే ఉండిపోయారు. ఆ మాట చెబుతూ ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. మన వయసులో పొట్టకు బలం కావలసింది ఇందుకు.

అలాగని పిలాటిస్ పుస్తకంలోని 34 వ్యాయామాలూ చేయబూనడం మనకు ప్రమాదకరం. వాటిలో అనేకం వెన్నును ముందుకు గుండ్రంగా చుట్టేవి. 1984లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు ఎముకలు గుల్లబారిన, ముట్లుడిగిన స్త్రీలను పరిశీలించారు. ముందుకు వంగే వ్యాయామాలు చేసినవారిలో 89 శాతం మందికి వెన్నుపూసలు కొత్తగా నలిగాయి. వెన్నును వెనుకకు చాచే వ్యాయామాలు చేసినవారిలో అది 16 శాతం మాత్రమే. కావున పడుకున్నచోటు నుండి చేతుల ఆసరా లేకుండా లేచి కూర్చోవడం, కాళ్ళను తలమీదుగా వెనక్కు తేవడం, రెండు కాళ్ళూ చాచి ఒక్కసారే ఎత్తడం మనం వదిలివేయాలి.

మనకు తగినవి నాలుగు. మొదటిది: వెల్లకిలా పడుకొని, మోకాళ్ళు మడిచి, పాదాలు నేలకు ఆనించి, తల కింద దిండు ఉంచుకొని, నెమ్మదిగా ఊపిరి వదులుతూ బొడ్డును వెన్ను వైపు తీసుకోవడం. కావాలంటే హండ్రెడ్‌లో వలె చేతులు కూడా ఆడించవచ్చును. రెండవది: అదే భంగిమలో పిరుదులను నేలనుండి ఎత్తి, మోకాళ్ళ నుండి భుజాల వరకు ఏటవాలు బల్లలా ఉంచి, మెల్లగా దించడం. మూడవది: చేతులు, మోకాళ్ళ మీద వంగి, కుడి చేయి ముందుకు, ఎడమ కాలు వెనుకకు చాచడం, ఆ పిదప వైపు మార్చడం. మోకాళ్ళ నొప్పి గలవారు దీనిని మాని, గోడకు అరచేతులు ఆనించి ఒంటిని బల్లలా నిటారుగా బిగబట్టి నిలబడవచ్చును. నాల్గవది: చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి, మరల మెల్లగా కూర్చోవడం. ఒక్కొక్కటి ఎనిమిది నుండి పదిసార్లు చాలు. నేలమీదకు దిగలేనివారు గట్టి మంచం మీద చేయవచ్చును. ఊపిరి మాత్రం బిగబట్టకూడదు, రక్తపోటు పెరుగుతుంది. హెర్నియా ఉన్నవారు, ఆపరేషన్ అయినవారు, ఎముకలు గుల్లబారినవారు, గుండె జబ్బు ఉన్నవారు తమ డాక్టరును అడిగిన తరువాతనే మొదలుపెట్టాలి. వ్యాయామం కాగానే పక్కకు తిరిగి, చేతితో నెట్టుకొని లేవండి. కింద పడినప్పుడు లేవడానికీ అదే అభ్యాసం.

పిలాటిస్ 80 ఏళ్ళు దాటినా వ్యాయామశాలను వదలలేదు. అయితే చుట్ట తాగే అలవాటునూ వదలలేదు. ఊపిరి విలువను లోకానికి బోధించిన ఆ మనిషి ఊపిరితిత్తులు దెబ్బతిని 1967 అక్టోబరు 9న, 83వ ఏట న్యూయార్కులో కన్నుమూశారు. పొగ మానలేని మిత్రులు ఈ వాక్యాన్ని మరొకసారి చదవవలసిందిగా మనవి. ఆయన తరువాత వ్యాయామశాలను క్లారా నడిపించారు. ఆమె 1977లో మరణించారు. శిష్యులు ఆ విద్యను దేశదేశాలకు తీసుకువెళ్ళారు. ఆ పేరు మీద వ్యాపార హక్కు కోసం నడిచిన దావాలో 2000 సంవత్సరంలో న్యూయార్కు ఫెడరల్ కోర్టు తీర్పు చెప్పింది. పిలాటిస్ అన్నది యోగా, కరాటే వలె ఒక పద్ధతి పేరు గనుక ఏ ఒక్కరి సొత్తూ కాదని ఆ తీర్పు సారాంశం. ఆ విధంగా ఒకప్పటి రోగిష్టి పిల్లవాడి ఇంటిపేరు లోకులందరి వాడుక మాటైంది.

ఈ విద్యకు రుసుము కట్టనక్కరలేదు, యంత్రం కొననక్కరలేదు. చాప, దిండు, కుర్చీ, రోజుకు పదిహేను నిమిషాలు చాలు. ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి ఎవరి భుజమూ పట్టుకోకుండా మనమే నడిచివెళ్ళే రోజులు మన సభ్యులందరికీ పది కాలాలపాటు ఉండాలని కోరుకుంటూ, సెలవు.